అంగారకుడి నలభై నిమిషాలు

అంగారకుడి మీద ఒక పగలూ ఒక రాత్రీ కలిస్తే 24 గంటల 39 నిమిషాల 35 సెకన్లు. మన రోజుకంటే దాదాపు నలభై నిమిషాలు ఎక్కువ. 2004లో నాసా వాళ్లు స్పిరిట్, ఆపర్చునిటీ అనే రెండు రోవర్లను అక్కడ దింపినప్పుడు, కాలిఫోర్నియాలో కూర్చుని వాటిని నడిపించిన ఇంజనీర్లు కొన్నాళ్లపాటు అంగారకుడి గడియారం ప్రకారమే బతికారు. ఇవాళ ఎనిమిదింటికి డ్యూటీ అంటే రేపు ఎనిమిదీ నలభైకి, ఎల్లుండి తొమ్మిదీ ఇరవైకి. పద్దెనిమిది రోజులు గడిచేసరికి వాళ్ల పగలు రాత్రయిపోయేది. వాళ్లకోసం అక్కడి వాచీల దుకాణం ఆయన ఆ లెక్కకు సరిపోయేలా నెమ్మదిగా నడిచే చేతిగడియారాలు చేసిచ్చాడు.

ఈ సంగతి చదివిననాటికి నాకు ముప్పై ఎనిమిదేళ్లు. గుంటూరులో ఇల్లు, విజయవాడలో బ్యాంకు ఉద్యోగం, పదో తరగతిలో ఒక పిల్ల, మోకాళ్ల నొప్పులతో అత్తయ్య. సైన్స్ ఫిక్షన్ రాయాలని ఇంటర్ చదివే రోజుల నుంచీ కోరిక. టైమ్ లేదు అనే మాట ఇరవై ఏళ్లు చెప్పుకుంటూ వచ్చాను. ఆ రాత్రి మాత్రం ఆ నలభై నిమిషాల దగ్గరే మనసు ఆగిపోయింది. అంగారకుడి మీద ఉన్నవాళ్లకు రోజూ ఊరికే దొరికే ఆ కాస్త సమయం నాక్కూడా కావాలనిపించింది. అయిదింటికి లేచేదాన్ని, మర్నాటి నుంచి నాలుగూ ఇరవైకి అలారం పెట్టుకున్నాను. తొమ్మిదేళ్లయింది. ఇప్పటికి మూడు నవలలు, ఒక కథల సంపుటి వచ్చాయి. అన్నీ నా డబ్బుతో నేను వేసుకున్నవే.

ఈ అధ్యాయం అలా రాయాలనుకుంటున్న మీకోసం. వెనక ప్రచురణ సంస్థ ఉండదు, గడువు పెట్టే ఎడిటర్ ఉండడు, ఎప్పుడిస్తారని ఫోన్ చేసేవాళ్లుండరు. మన దగ్గర ఉండేది లెక్క ఒక్కటే. టైమ్ లెక్క, సైన్స్ లెక్క, డబ్బు లెక్క. ఊహ సంగతి నేను చెప్పను. అది మీకు లేకపోతే ఈ పుస్తకం చేతిలోకి తీసుకునేవారే కాదు.

నలభై నిమిషాల్లో నేను చేత్తో నూటయాభై మాటలు రాస్తాను. తక్కువే. ఏడాదిలో మూడొందల రోజులు రాస్తే నలభై అయిదు వేల మాటలవుతాయి, డెమీ సైజులో రెండొందల పైచిలుకు పేజీల నవల. మిగతా అరవై అయిదు రోజులు పండగలకు, జ్వరాలకు, పెళ్లిళ్లకు, పిల్ల పరీక్షలకు ముందే రాసిచ్చేశాను. అందుకే ఒక రోజు తప్పితే బెంగ పెట్టుకోను. తప్పిన రోజును మర్నాడు కలిపి తీర్చాలని చూడకండి. అప్పు మీద వడ్డీలాగా అది పెరుగుతుంది, వారంలో నోట్‌బుక్ చూస్తేనే భయం పుడుతుంది. నాకలా రెండుసార్లు జరిగింది. రెండోసారి నాలుగు నెలలు పెన్ను ముట్టుకోలేదు.

అమెరికాలో ఆక్టేవియా బట్లర్ అనే రచయిత్రి ఉండేవారు. పేరు రాకముందు గిన్నెలు కడిగే పని చేశారు, ఫోన్లలో సరుకు అమ్మే పని చేశారు, చిప్స్ ఫ్యాక్టరీలో మంచివీ చెడ్డవీ ఏరే పని చేశారు. రాత్రి రెండింటికి లేచి రాసుకుని పొద్దున్నే ఆ పనులకు వెళ్లేవారు. 1995లో ఆవిడకు మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది, సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్లలో అది అందుకున్న మొదటి మనిషి ఆవిడే. ఆ రెండు గంటల వేళ గురించి తల్చుకుంటే నాకు నాలుగూ ఇరవై పెద్ద కష్టంగా అనిపించదు.

పొద్దున లేచాక ఏం రాయాలా అని ఆలోచించడం మొదలుపెడితే ఆ నలభై నిమిషాలూ దానికే చాలవు. అందుకని ప్రశ్న ముందురోజు రాత్రే సిద్ధంగా ఉండాలి. మర్నాటికి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనో, బియ్యంలో రాళ్లు ఏరుతూనో ఒక ప్రశ్న ఎంచుకుని, పాలక్యాలెండర్ చివర ముక్క చించి రాసి, నోట్‌బుక్‌లో పెట్టి పడుకుంటాను. ప్రశ్న చిన్నదిగా ఉండాలి. ‘మనిషి అంతరిక్షంలో ఒంటరివాడా’ అని రాసుకుంటే పొద్దున నిద్రొస్తుంది. ‘అంగారకుడి మీద చీర కొంగు గాలికి ఎగురుతుందా’ అని రాసుకోండి, అలారం మోగకముందే మెలకువ వస్తుంది. ఫోను పక్కగదిలో ఉండాలి. ఇది వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

పప్పు ఉడుకుతుందా?

ఇప్పుడు సైన్స్ లెక్క సంగతి. దీన్ని కాస్త నెమ్మదిగా చెబుతాను, నాకు రాయడం నేర్పింది ఇదే కాబట్టి.

మొదటి నవల రాస్తున్న రోజుల్లో ఒక ఆదివారం అత్తయ్య అడిగారు, ఏం రాస్తున్నావని. అంగారకుడి మీద ఒక తెలుగు కుటుంబం కాపురం పెట్టిన కథ అని చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “అమ్మాయ్, అక్కడ పప్పు ఉడుకుతుందా?” అన్నారు.

నేను నవ్వేసి ఊరుకోవచ్చు. కానీ ఆ ప్రశ్న నన్ను రెండు వారాలు పట్టుకుంది. అంగారకుడి మీద గాలి ఒత్తిడి మన గాలి ఒత్తిడిలో నూరో వంతు కూడా ఉండదు. కాబట్టి మనుషులు మూతవేసిన ఇళ్లలో, గాలి నింపుకుని ఉండాలి. లోపల మన ఊళ్లో ఉన్నంత ఒత్తిడి పెడితే గోడలు చాలా గట్టిగా కట్టాలి. అపోలో నౌకల్లో చంద్రుడి దాకా వెళ్లినవాళ్లు మన ఒత్తిడిలో మూడోవంతుతోనే, ఆక్సిజన్ ఒక్కటే పీలుస్తూ ఉన్నారు. నా ఇంట్లోనూ మూడోవంతే పెట్టాను. ఆ ఒత్తిడిలో నీళ్లు 72 డిగ్రీలకే మరిగిపోతాయి. ఇంకెంత మంట పెట్టినా నీళ్లు ఆవిరవుతాయి తప్ప వేడెక్కవు. 72 డిగ్రీల్లో కందిపప్పు రోజంతా ఉంచినా మెత్తబడదు. లద్దాఖ్ లాంటి ఎత్తైన చోట్ల అన్నం ఉడకడానికి కుక్కర్ కావలసి వచ్చేది ఇందుకే.

అయితే కుక్కర్ ఉంది కదా. మన ఇంటి కుక్కర్ బయటి ఒత్తిడికి మన ఊరి గాలి ఒత్తిడంత ఇంకొకటి కలుపుతుంది, అందుకే లోపల నీళ్లు 120 డిగ్రీల దాకా వెళ్తాయి. నా అంగారకుడి ఇంట్లో మూడోవంతుకు ఒకటి కలిపితే 108 డిగ్రీలు. పప్పు ఉడుకుతుంది, కాస్త ఆలస్యంగా. మూడు విజిళ్లు వచ్చే చోట ఆరు రానివ్వాలి. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఆ ఆరు విజిళ్లూ నవలలో రాశాను, పుస్తకం వేశాను.

నాలుగు నెలల తర్వాత ఒంగోలు నుంచి ఉత్తరం వచ్చింది. రిటైరైన ఫిజిక్స్ మాస్టారు ఒకాయన రాశారు. నవల రెండుసార్లు చదివానని చెప్పి, చివర రెండు వాక్యాల్లో అసలు సంగతి అడిగారు. కుక్కర్ మీద పెట్టే వెయిట్ తన బరువుతోనే కదమ్మా ఆవిరిని ఆపేది, అంగారకుడి మీద దాని బరువు ఎంతుంటుంది అని.

వంటింట్లోకి వెళ్లి వెయిట్ చేతిలోకి తీసుకున్నాను. ఇరవై ఏళ్లుగా రోజూ పట్టుకుంటున్న ఇనప ముక్క. అడుగున చిన్న చిల్లు, నల్లగా పప్పునురుగు మరకలు. అది ఆ సన్నటి గొట్టాన్ని మూసి ఉంచేది తన బరువుతోనే. లోపల ఆవిరి దాన్ని ఎత్తగలిగినప్పుడు విజిల్ వస్తుంది. అంగారకుడి ఆకర్షణ మన భూమిలో 38 శాతం. అక్కడ ఆ వెయిట్ ఆపగలిగేది కూడా 38 శాతమే. మూడోవంతుకు అది కలిపితే నీళ్లు 91 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. కుక్కర్ గబగబా విజిళ్లు వేస్తుంది, మూత తీస్తే పప్పు బద్దలు బద్దలుగానే ఉంటుంది.

రెండో ముద్రణలో ఆ అధ్యాయం మొత్తం తిరగరాశాను. మొదటిదాంట్లో వంట ఒక పేరాలో అయిపోయింది. ఈసారి ఇంటి ముసలావిడ విజిళ్లు వింటూ కూర్చుని ఉంటుంది. ఇంత తొందరగా వస్తున్నాయేమిటని ఆవిడకే అనుమానం వస్తుంది. మనవడు లెక్కవేసి, రోవర్ నుంచి ఊడదీసిన బోల్టులు తెచ్చి, వెయిట్‌ను రెండున్నర రెట్లకు పైగా బరువు చేస్తాడు. ఆ రాత్రి ఇంట్లో అందరూ పప్పన్నం తింటారు. నా పుస్తకాలన్నిట్లో పాఠకులు ఇప్పటికీ మాట్లాడేది ఆ రాత్రి గురించే. లెక్క తప్పినచోటే కథ దాగి ఉంది, నేను చూడలేదు, ఒంగోలు మాస్టారు చూపించారు.

దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. పదో తరగతి ఫిజిక్స్ పుస్తకం ఇంట్లో ఉంచుకోండి, ఇంటర్‌ది కూడా ఉంటే మరీ మంచిది. పుస్తకంలో దొరకని దానికి ఆ పని చేసేవాళ్లను అడగండి. కరెంటు లైన్‌మ్యాన్, ఆక్సిజన్ సిలిండర్లు మార్చే నర్సు, బోరు వేసే మేస్త్రీ, వీళ్లకు తెలిసింది ఏ పుస్తకంలోనూ ఉండదు. అడిగేటప్పుడు కథ చెప్పకండి, ప్రశ్న మాత్రం అడగండి. కథ చెబితే మర్యాదకు బాగుందంటారు. ప్రశ్న అడిగితే మీ పొరపాటు దొరుకుతుంది.

ఆండీ వియర్ అనే ప్రోగ్రామర్ 2009లో ‘ది మార్షియన్’ నవలను తన వెబ్‌సైట్‌లో అధ్యాయం తర్వాత అధ్యాయంగా పెట్టుకుంటూ పోయాడు. చదివినవాళ్లు ఇక్కడ కెమిస్ట్రీ తప్పింది, అక్కడ లెక్క తప్పింది అని రాస్తే దిద్దుకున్నాడు. 2011లో కిండిల్‌లో 99 సెంట్లకు తనే పెట్టాడు. ఆ తర్వాతే పెద్ద ప్రచురణకర్తలు వచ్చారు, 2015లో సినిమా అయింది. ఆ నవల మొదట్లో వచ్చే ఇసుక తుఫాను మాత్రం తప్పని వియర్‌కు తెలుసు. అంత పలచటి గాలి రాకెట్‌ను పడగొట్టలేదు. కథకు కావలసి ఉంచుకున్నానని తర్వాత తనే చెప్పాడు. నా అభిప్రాయం కూడా అదే. తెలిసి ఒక్క అబద్ధం ఆడవచ్చు, నవల మొత్తానికి ఒక్కటి. తెలియక ఆడిన అబద్ధం మాత్రం పాఠకుడికి ఎక్కడో ఒకచోట గుచ్చుకుంటుంది.

ఉత్తరాలు

పొద్దున నలభై నిమిషాలు రాయడానికి పోతే ఆలోచించడానికి నాకు బస్సు ఉంది. గుంటూరు నుంచి విజయవాడ నాన్‌స్టాప్, కిటికీ పక్క సీటు దొరికితే గంట. మంగళగిరి దాటి, వారధి మీద కృష్ణ కనిపించేదాకా ఫోను బ్యాగులోంచి తీయను.

ఒకరోజు ఆ బస్సులో ముందు సీటులో ఒకావిడ కొడుకుతో వీడియోకాల్ మాట్లాడుతోంది. డల్లాస్‌లో ఉంటాడట. సిగ్నల్ సరిగా లేక ఒకరి మాట మీద ఒకరి మాట పడుతోంది. అంగారకుడి మీది కొడుకుతో అయితే ఎలా ఉంటుంది? భూమీ అంగారకుడూ దగ్గరగా ఉన్నప్పుడు మాట చేరడానికి మూడు నిమిషాలు, దూరంగా ఉన్నప్పుడు ఇరవై రెండు. తిన్నావా నాన్నా అని అడిగితే తిన్నానమ్మా అని వినడానికి ముప్పావుగంట పట్టవచ్చు. ఆ సీను ఎలా రాయాలో నాకు నెలరోజులు తెలియలేదు. రాసిన ప్రతిసారీ టెలిఫోన్ సంభాషణలాగే వచ్చేది.

దారి మా అమ్మ ట్రంకుపెట్టెలో దొరికింది. నా చిన్నప్పుడు మా నాన్న కువైట్‌లో పనిచేసేవారు. ఉత్తరం వెళ్లడానికి రెండు వారాలు, జవాబు రావడానికి ఇంకో రెండు. అమ్మ రాసిన ఒక ఉత్తరం, పంపకుండా మిగిలిపోయింది, దాంట్లో ఇలా ఉంది: చిన్నదానికి జ్వరం, ఇది మీకు అందేసరికి తగ్గే ఉంటుంది, తగ్గకపోతే గుంటూరు తీసుకెళతాను, డబ్బు సర్దుబాటయింది, మీరు కంగారుపడి అప్పు చేయకండి. ఒకే కాగితం మీద ప్రశ్న, దానికి రాగల రెండు జవాబులు, ఆ జవాబులు విని ఆయన చేయబోయే పొరపాటు, దానికి ముందే సముదాయింపు. ఆ కాలపు ఆడవాళ్లందరికీ ఈ విద్య వచ్చు. దూరం వాళ్లకు అలా నేర్పింది.

నా కథలో తల్లి అలాగే మాట్లాడింది. ఆవిడ ఏదీ అడిగి ఆగదు. అడిగి, రాబోయే జవాబు ఊహించి, దానికి సమాధానం చెప్పి, పనిలోకి వెళ్లిపోతుంది. ముప్పావుగంట తర్వాత కొడుకు గొంతు ఖాళీ గదిలో వినిపిస్తుంది. ఆ సీను నేను రెండు పొద్దుల్లో రాసేశాను.

భవిష్యత్తు రాసేటప్పుడు ముందు మన ఇంట్లో జరిగిపోయిన కాలంలో వెతకమని అందుకే చెబుతున్నాను. నీళ్లు కొలుచుకుని వాడిన వేసవులు, వరదొచ్చి ఊరికి దారి తెగిపోయిన వారం, కరెంటు లేని కాన్పు. అంతరిక్షంలో కాపురానికి కావలసిన జాగ్రత్తలన్నీ మన నాయనమ్మలు ఎప్పుడో పడ్డవే.

మాటల విషయంలోనూ నాకు ఇదే పనికొచ్చింది. మొదటి ప్రతిలో ఎయిర్‌లాక్‌కు ఒక పెద్ద సంస్కృత సమాసం కట్టాను. అది వచ్చినప్పుడల్లా వాక్యం చతికిలబడేది. అత్తయ్యకు చదివి వినిపిస్తే, అంటే ఏమిటి అన్నారు. ఒక తలుపు మూసుకున్నాకే రెండోది తెరుచుకునే గది, బయటి దుమ్మంతా అక్కడే దులుపుకుని లోపలికి రావాలి అన్నాను. “వసారా అను” అన్నారు. నా నవలల్లో అందరూ అంతరిక్షం నుంచి వసారాలోకే వస్తారు. కాలిఫోర్నియాలో కంప్యూటర్ సైన్స్ చెబుతూ వేమూరి వేంకటేశ్వరరావు గారు తెలుగులో సైన్స్ మాటలకోసం ఏళ్లతరబడి చేసిన కృషి మనకు అండగా ఉంది. ఆయన రాసినవి దగ్గర పెట్టుకోండి. అయినా రాసిన ప్రతి మాటా ఇంట్లో ఒకరికి పైకి చదివి వినిపించండి. కక్ష్య, గురుత్వాకర్షణ లాంటివి బడిలోనే అందరికీ అలవాటయ్యాయి. ఆక్సిజన్, రోవర్, సిగ్నల్ ఎలా ఉన్నవి అలా ఉండనివ్వండి.

డబ్బు

దీని గురించి తక్కువే చెబుతాను, దీంట్లో నేర్పేంత నాకూ రాదు. మొదటి నవల అయిదొందల కాపీలు వేసి, మూడేళ్లు మంచం కింద పెట్టుకున్నాను. ఇప్పుడు వంద వేస్తాను, అయిపోతే మళ్లీ వంద. కాపీకి ఖర్చు ఎక్కువే పడుతుంది, ఇంట్లో మాత్రం నడవడానికి చోటు ఉంటుంది. ఐఎస్‌బీఎన్ నంబరు మన దేశంలో ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీకి మీరే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు, దానికని ఎవరికీ డబ్బు ఇవ్వకండి. షాపులో పెడితే కమీషన్ నలభై శాతం దాకా పోతుందనుకుని ధర వేసుకోండి.

డీటీపీ దగ్గర జాగ్రత్త. మొదటిసారి అను ఫాంట్లలో కొట్టించిన ఫైలును యూనికోడ్‌లోకి మార్చినప్పుడు కొన్ని వొత్తులు ఎగిరిపోయాయి, ‘క్ష’లు వేరే అక్షరాలయ్యాయి. చూసుకోకుండా ప్రింటుకు ఇచ్చేశాను. నవలంతా కక్ష్యల గురించే, ఆ మాటే తప్పు. ఆ కాపీలన్నిట్లోనూ కూర్చుని పెన్నుతో దిద్దాను. ఇప్పుడు మొదటి నుంచీ యూనికోడ్‌లోనే కొట్టుకుంటాను. మండలి, సూరన్న, గురజాడ లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి, పుస్తకానికి నిండుగా ఉంటాయి. చివరి ప్రూఫు కాగితం మీద తీసి, వేళ్లు పెట్టి చదవాలి. స్క్రీన్ మీద తప్పులు దాక్కుంటాయి.

బాగుందో లేదో చెప్పేవాళ్లు దొరకడం వీటన్నిటికంటే కష్టం. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ 1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్ కథల పోటీకి తన మొదటి కథ ‘కృష్ణ వివర్’ పంపినప్పుడు, తన పేరులోని పొడి అక్షరాలను తిరగేసి నారాయణ్ వినాయక్ జగ్తాప్ అనే పేరు పెట్టారు. అప్పటికే పేరున్న మనిషి, పేరు చూసి కాకుండా కథ చూసి ఎంచాలని అనుకున్నారు. మొదటి బహుమతి వచ్చింది. నేను మా తోటికోడలికి కొత్త కథ ఇచ్చేటప్పుడు పేరు తీసేసి, ఎవరో బ్యాంకులో పనిచేసే ఆవిడ రాసిందని చెబుతాను. ఎక్కడ ఆపి టీ పెట్టుకోవడానికి లేచిందో ఆ పేజీ మూల మడిచి ఇవ్వమంటాను. మడతలు పడ్డ చోట్ల మళ్లీ రాస్తాను. విజయవాడ పుస్తకాల పండగలో స్టాల్ దగ్గర నిలబడినప్పుడు కూడా అంతే. ఎవరైనా పుస్తకం తెరిస్తే పక్కకు తప్పుకుని, ఏ పేజీ దగ్గర మూసి కింద పెట్టారో చూసుకుంటాను.

మొన్న సంక్రాంతికి అరిసెలు వత్తుతుంటే అత్తయ్య మళ్లీ అడిగారు. “పప్పు సరే, మరి అక్కడ పాల మీద మీగడ కడుతుందా?”

పెరుగు సంగతి వెంటనే చెప్పగలిగాను. తోడుకోవడానికి గోరువెచ్చదనం, తోడు ఉంటే చాలు, ఆకర్షణతో పనిలేదు. మీగడ అలా కాదు. వెన్న తేలిక కాబట్టి పైకి తేలుతుంది. తేలడం బరువును బట్టి ఉంటుంది, బరువు అక్కడ 38 శాతమే. నెమ్మదిగా కడుతుందా, పలచగా కడుతుందా, ఆ లోపల పాలు పులిసిపోతాయా? పాలక్యాలెండర్ ముక్క చించి రాసుకుని నోట్‌బుక్‌లో పెట్టాను. ఇవాళ నాలుగూ ఇరవైకి లేచి, నిన్న కాచిన పాలగిన్నె బల్ల మీద పెట్టుకుని, చెంచా కాడతో మీగడ మందం కొలుస్తూ కూర్చున్నాను.